దారంతో కోసిన గుడ్డు

గుడ్డు రోజు ఈదమ్మ పెందలాడే వస్తుంది.
భోలక్‌పూర్ గల్లీ అప్పటికి ఇంకా
పాత ఇనుము దించుకోవడం మొదలుపెట్టదు.
కొంగున ముడేసుకొచ్చిన చిల్లర
కిరాణా గల్లామీద పోసి
మిగతాది రాసుకోమంటుంది.
ఆయన రాసుకుంటాడు.
నాలుగు నెలలుగా రాసుకుంటూనే ఉన్నాడు.

బిల్లు ఎక్కడుందని అడిగితే
ఆఫీసులో ట్రెజరీకి పోయిందన్నారు,
ట్రెజరీలో టోకెన్ పడిందన్నారు.
టోకెనంటే ఏంది టీచరమ్మా, అంది.
బస్సు రాలేదు గానీ
టికెట్టు కొట్టారని చెప్పాను.

నిన్న గుడ్లు నలభై. పిల్లలు డెబ్బయి తొమ్మిది.
కత్తి పెడితే సొన చితుకుతుందని
పూలు కట్టే దారం ఒక కొస పళ్ళ మధ్య పట్టి
రెండో కొస వేలికి చుట్టుకుని
గుడ్డు నడుముకు ఆనించి లాగింది.
చప్పుడు లేదు.
నలభై సార్లు.

మూడో తరగతికి అదే రోజు భిన్నాలు.
బోర్డు మీద సున్న చుట్టి, నడుమ గీత కొట్టి,
ఒకటి బై రెండు, రెండు ముక్కలూ సమానం అన్నాను.
ఉజైర్ చెయ్యెత్తాడు.
వాళ్ళబ్బా తుక్కు తూకమేస్తాడు,
ముల్లు వెంట్రుకవాసి మొగ్గినా వాడికి తెలుస్తుంది.
"సమానం కాదు టీచర్.
పచ్చసొన నడిమిట్ల ఉండదు, ఒక దిక్కు ఒరిగి ఉంటది.
ఒకరికి పచ్చ ఎక్కువొస్తది, ఒకరికి అంతా తెల్లదే."
పుస్తకం చివరి పేజీల్లో జవాబులుంటాయి గదా,
తిప్పి చూశాను. నిజంగానే చూశాను.

మధ్యాహ్నం యాప్ తెరిచాను.
ఈరోజు గుడ్డు ఇచ్చారా?
అవును. కాదు.
సగానికి గడి లేదు.
కాదు అంటే నోటీసు ఈదమ్మ పేరున వస్తుంది.
అవును అంటే
ఎక్కడో చల్లటి గదిలో ఒక గోడ తెర మీద
డెబ్బయి తొమ్మిది నిండు గుడ్లు
పచ్చగా వెలుగుతాయి.
అంతా పచ్చగానే ఉంది కదా,
బిల్లుకేం తొందరని ఎవరో ఫైలు కింద ఫైలు పెడతారు.

అవునే నొక్కాను.
ఇరవై రెండేళ్ళ సర్వీసులో
పెన్నుతో ఇన్ని అబద్ధాలు రాయలేదు.
పెన్ను కాస్త ఆగేది.

ఒక సగం మిగిలింది.
నలభై రెళ్ళు ఎనభై, అందులోంచి డెబ్బయి తొమ్మిది తీసేస్తే.
ఈదమ్మ దాన్ని గిన్నెమూత కింద దాచి
గేటు వైపు చూసింది, తర్వాత నా వైపు.
గేటవతల అట్టపెట్టెల మూటల మీద
రోజూ కూర్చునే పిల్ల. నాందేడ్ వాళ్ళు.
పుట్టిన కాగితం అక్కడే ఉండిపోయిందట.
కాగితం లేక పేరెక్కలేదు, పేరెక్కక పళ్ళెం లేదు.
బడిబాట సర్వేలో ఆమెను రాసింది నేనే,
'వలస, తాత్కాలికం' అని.
ఏడాదిన్నరగా తాత్కాలికంగా
ఆ మూటల మీదే ఉంది.

నేను హాజరు పట్టీలోకి తల దించుకున్నాను.
అంతమాత్రం ఈదమ్మకు చాలు.

పిల్ల వచ్చింది. సగం గుడ్డు అరచేతిలో పెట్టుకుని
కోసిన వైపు తిప్పి చూసింది,
అద్దంలో చూసుకున్నంత సేపు.
దూస్రా ఆధా కిధర్? అని అడిగింది,
మమ్మల్ని కాదు, అక్కడ తింటున్న అందరినీ.

ఉజైర్ పళ్ళెం వదిలి లేచాడు.
ఆమె ముందుకెళ్ళి
నోరంతా తెరిచి చూపించాడు.