నిన్నో రేపో

ఒంగోలు బస్సులో మా మేనత్త అడిగింది,
"హిందీలో ఎమ్మే చేస్తే ఏం ఒరుగుద్దే సుగుణా?"
పేర్నమిట్ట దాటిందాకా ఆలోచించి
"రాయి మగాడని తెలిసింది అత్తా" అన్నాను.
ఆమె టికెట్టు మడిచి చెవిలో తిప్పుకుంటూ
కిటికీ వైపు తిరిగింది.

ఎగతాళికి అనలేదు.
ఖుర్షీద్ మేడం క్లాసులో ఏడుగురం,
ఒకటే ఫ్యాను.
పత్థర్ పుంలింగం, ధూళ్ స్త్రీలింగం,
కుర్చీ ఆడది, తలుపు మగది.
బట్టీ పట్టీ పట్టీ
చీమకుర్తి మొత్తం ఆడా మగా అయిపోయింది నాకు.
"రాయి మగదైతే మరి దుమ్మో?" అంది అమ్మ.
"ఆడది."
"రోజూ ఊడ్చేదాన్ని, నన్నడిగితే చెప్పేదాన్ని గదే,
దానికి ఒంగోలు దాకా ఎందుకు?"

ఒక రాత్రి వ్యాకరణం చదువుతూ ఆగిపోయాను.
పత్థర్ గిరా. సుగుణ గిరీ.
హిందీలో రాయి ఒక రకంగా పడుద్ది, నేనొక రకంగా.
మరి మన దాంట్లో?
రాయి పడింది.
సుగుణ పడింది.
మా అన్న పడ్డాడు.

ఇరవై రెండేళ్లుగా అంటున్న మాటే,
ఒక్కనాడూ చెవిన పడలేదు.
ఒక్కదాన్నే ఉంటే నా క్రియ రాయితో జత.
పక్కన ఇంకొకతె వచ్చి నిలబడితే
పడ్డారు, లేచారు, వచ్చారు,
అప్పుడు మనుషుల్లో కలుపుతుంది నా భాష.

మర్నాడు మేడంకి చెప్పాను.
కళ్లజోడు తీసి తుడిచి, పెట్టుకోవడం మరిచి,
"ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, క్లాసులో హిందీ,
ముప్పై ఏళ్లమ్మా, నాకు తట్టలేదే ఇది" అని
గంట కొట్టినా కూర్చునే ఉంది.

సరే, ఇది అత్తకు చెప్పుకునే లాభం కాదు.

నాన్న పాలిషింగ్ యూనిట్లో కూలీల చిట్టా రాస్తాడు.
బీహారు వాళ్లు పద్నాలుగు మంది,
నాన్నకొచ్చిన హిందీ కూడా పద్నాలుగు మాటలే.
ఆ శనివారం క్యారేజీ తీసుకెళ్లేసరికి
కిటికీ దగ్గర బిర్జూ మాంఝీ,
కనుబొమల మీద తెల్లటి పొడి,
"కల్ బోలా థా బాబూ, కల్" అంటున్నాడు.
"ఆఁ, కల్లే! నిన్న ముట్టిందని నువ్వే చెప్పావు, నేనే రాశాను"
అంటున్నాడు నాన్న, గీత కింద వేలు పెట్టి.
ఆరువందల యాభై.
గురువారం రాసిన గీత.

నాన్నా, ఆ మాటకు రెండు వైపులా మొహమే.
నిన్నా అదే, రేపూ అదే.
వెనకాల వచ్చే క్రియను బట్టి తల తిప్పుద్ది.
లియా అన్నాడా, లూంగా అన్నాడా?

నాన్న బిర్జూని చూశాడు.
"లూంగా" అన్నాడు బిర్జూ మెల్లగా.
తీసుకుంటాను, అని.

"నిన్నకీ రేపుకీ ఒకటే మాటంటే ఎట్టా బతుకుతార్రా మీరు"
అని గొణుగుతూనే నాన్న గీత కొట్టేశాడు,
పక్కన పొట్టి సంతకం పెట్టాడు.
రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చిన డబ్బు
బిర్జూ లెక్కపెట్టకుండానే జేబులో దోపుకున్నాడు.
రాబోయే కల్‌ని మీరేమంటారని నన్నడిగాడు.
"రేపు."
"రేపు" అన్నాడు,
ప దగ్గర పెదాల మీది పొడి కాస్త రాలింది.

రాత్రి అన్నాలయ్యాక చూస్తే
చిట్టా ఇంటికి తెచ్చుకున్నాడు నాన్న.
"పర్సోఁ అంటే మొన్ననా, ఎల్లుండా?"
"రెండూ."
కాసేపు కళ్లు మూసుకున్నాడు.
తర్వాత వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు,
జూన్, మే, ఏప్రిల్,
ఒక్కో గీత దగ్గరా ఆగి
"ఇక్కడేమన్నాడో... ఇతనేమన్నాడో..."

నేను పుస్తకం మూసి
ఆయన పక్కన కూర్చున్నాను.