క్ష

అంకీసా బడిల వాకుడే సార్
బెంచీ మీద అగ్గిపుల్లలు పేర్చిండు.
ఒక గడికి నాలుగు.
రెండు గళ్ళకు ఏడు, మూడింటికి పది.
"క్ష గళ్ళకు ఎన్ని?" అన్నడు మరాఠీల.

ఇంట్ల నాయిన దిద్దించిన తెలుగు అక్షరాలల్ల
క్ష చిట్టచివరిది.
అక్కడిదాక వచ్చేసరికి నిద్రొచ్చేది.
బడిల అదే మొదటిదైంది,
ఏ అంకె వచ్చినా కూసునే పీట.

జవాబు నాకు తెలుసు.
అగ్గిపుల్లలల్ల కాదు, తడికెలల్ల.

ఎండకాలం తునికాకు కళ్ళం పక్కన
ప్రాణహిత ఇసుకల మా గుడిసెలు లేస్తయి.
మొదటిదానికి నాలుగు తడికెలు.
రెండోది దాని గోడకే వీపానిచ్చి నిలబడతది,
మూడు చాలు.
మా అవ్వ పోచుబాయి బొటనవేలితో ఇసుక గీకి
"ఇంటికి మూడు, అసలుకొకటి" అంటది.
సార్ బోర్డు మీద రాసింది గూడ అదే,
3క్ష + 1.
అవ్వ నోట్ల తంబాకు ఉంటది, గంతే తేడా.

ఆ ఏడు నలభై గుడిసెలు.
ఠేకేదారు మనిషి ఫోన్ల నొక్కిండు,
నలభై నాలుగుల నూటరవై.
అందరి కూలిల తడికెల పైసలు కోసిండు.
నేను తునికాకు మీదనే పుల్లతో గీకి చూపిన,
నూట ఇరవై ఒకటి.
"ముప్పై తొమ్మిది తడికెలు ఏ ఇంటికి కట్టినవ్?"
నవ్విండు. పోరి మంచిగ చదువుతందన్నడు.
సగం పైసలు తిరిగిచ్చిండు.
కడమ సగానికి
ఏ సూత్రమూ దొరకలే.

వెనకాల ఇంకో వరస, వీపుకు వీపు, కట్టిన ఏడు
మూళ్ళు అయిదులైనయి, ఒకటి రెండైంది.
అవ్వ పూటంత తికమక పడ్డది. నేను గూడ.

నోట్సు ఆఖరి పేజీల ఒకటి రాసుకున్న, సార్‌ను అడగలే:
క్ష కాడ సున్నా పెడితే?
మూడు సున్నాలు సున్నా. ఒకటి మిగిలింది.
ఇల్లే లేదు, తడికె ఉన్నది.
తప్పనుకొని కొట్టేసిన.

మబ్బు పట్టిన నాడు గుడిసెలు విప్పి
ట్రాక్టరుకెక్కించినం.
తిరిగి చూస్తే ఇసుకల ఒక్క తడికె
నిలబడే ఉన్నది, నీడ ఏటి దిక్కు పారేసుకొని.
"మరిసినవ్ అవ్వా."
"మరవలే. ఎవలన్న వచ్చి ఆనుకుంటరు."

ట్రాక్టరు కుదుపులకు నోట్సు తెరుచుకుంది.
కొట్టేసిన గీత కింద
ఒకటి ఇంక కనబడుతనే ఉన్నది.