చెవిరాయి

టోర్ఫీ నా బల్ల మీద కాడ్ చేపను ధబ్బున పడేశాడు.
"సముద్రం నిండా ఇవే.
నీ కాగితం మాత్రం ఖాళీ అంటుంది."

జవాబివ్వలేదు.
తల కోసి
చిక్కుడు గింజంత రాయి తీశాను.
ఈ ఫ్యోర్డు ఊళ్ళలో దీన్ని తిరగలి అంటారు;
ఇతని ముత్తవ్వ వీటితో గవ్వలాట ఆడిందట.

సన్నగా చీల్చి సూక్ష్మదర్శిని కింద పెట్టి
పక్కకి జరిగాను.
వంగాడు. ఊపిరికి అద్దం మసకబారింది.
చొక్కా చేత్తో తుడిచి మళ్ళీ వంగాడు.

వేసవికొక తెల్ల వలయం, చలికొక నల్లది.
పదకొండేళ్ళ చేప.
ఆరో ఏటి దగ్గర లెక్క ఆగింది.
"ఇదెందుకింత ఇరుకు?"
"ఆ ఏడు మేత లేదు."
"ఆ ఏడే ఇంజను అమ్ముకున్నాను,"
అన్నాడు, నాతో కాదు.

గంప చూపించాను. అన్నీ పెద్దవే.
మూడేళ్ళది ఒక్కటీ లేదు,
ఒకటో తరగతి ఖాళీగా ఉన్న బడిలా.

"అయితే కోటా తగ్గిస్తారు."
"తగ్గిస్తాం."
తలుపు విసిరి వెళ్ళాడు. చేపనిక్కడే వదిలేసి.

సోమవారం మళ్ళీ వచ్చాడు,
చేపల పెట్టె నిండా
డీజిల్ వాసన కొట్టే పడవ డైరీలతో:
ఏ రోజు, ఎంత లోతు, ఎన్ని పడ్డాయి.
"నా చెవిరాళ్ళు. కోసి చూసుకో."

వరసగా పేర్చాను.
ఆ ఏటిది అన్నిటికన్నా సన్నం.