పంటు మీద తొమ్మిదో నంబరు

ట్యూబరోన్ రేవు నుంచి ఆగర్ ఒడ్డుకి పన్నెండు నిమిషాలు.
మళ్ళీ వెనక్కి పన్నెండు.
నేను ఇంజన్ చూస్తాను,
ఐవిన్ స్కోగార్ పంటు మీదికి కార్లు ఎక్కిస్తాడు.
"రా, రా, ఇంకొంచెం, ఎడమకి కొట్టు, చాలు."
రెండు బంపర్ల మధ్య బెత్తెడు ఖాళీ.
ఒక్క గీత పడనివ్వలేదు ఇన్నేళ్ళలో.

అతని మోకాలు రెండు రోజుల ముందే గాలివాన చెబుతుంది.
మా కెప్టెన్ రేడియో విని తల ఊపి
"స్కోగార్‌ని కూడా అడుగు" అంటాడు.

చలికాలం, రద్దీ లేనప్పుడు,
ఫ్లాస్కు మూతలో కాఫీ పోసుకుని మాట్లాడతాడు.
గోల్స్ గురించి కాదు.
ఆ లెక్క నా దగ్గరుంది: నూట ముప్పై ఒకటి.
మా అమ్మ పేపర్లోంచి కత్తిరించి
పచారీ పద్దుల పుస్తకంలో అంటించేది,
లెమ్‌విగ్ కుర్రాడు, మన వైపు వాడు అని.
ఓర్హూస్‌లో నలభై,
జర్మనీ రెండో డివిజన్‌లో అరవై రెండు,
బెల్జియంలో వాన కురిసిన సీజనంతా కలిపి మూడు,
తిరిగొచ్చాక ఇరవై ఆరు.
దేశం తరఫున పదకొండు నిమిషాలు.
ఆ పదకొండులో బంతిని రెండుసార్లు తాకాడు,
ఒకసారి చేత్తో,
త్రో వేయమని అవతలివాడికి అందిస్తూ.

అతను చెప్పేది నిలబడ్డం గురించి.
"తొంభై నిమిషాల్లో బంతి నా దగ్గరుండేది రెండు.
మిగతా ఎనభై ఎనిమిదీ
ఎవడిదో మోచెయ్యి పక్కటెముకల్లో పెట్టుకుని నిలబడ్డమే.
వాడు పొద్దున ఏం తిన్నాడో తెలిసిపోతుంది.
పెళ్ళాం మీద కోపంగా ఉన్నాడా, కూతురికి జ్వరమా,
అదీ తెలుస్తుంది.
ఎప్పుడో ఒకసారి వాడు
నేనున్నానన్న సంగతి రెప్పపాటు మరిచిపోతాడు.
ఆ రెప్పపాటుకే నాకు జీతం."

గోల్ అయ్యాక రేగే గోల
తనకెప్పుడూ సరిగ్గా వినపడలేదట.
వినపడేది వల చప్పుడే,
తడి దుప్పటి ఒక్క విసురున దులిపినట్టు.

పోయిన అక్టోబరులో, మూడో వరసలో,
బూడిద రంగు వోల్వో.
చక్రం వెనక బట్టతల, వెనక సీట్లో ముసలి కుక్క.
ఆస్గర్ టీలెసెన్.
నేనే ముందు గుర్తుపట్టాను.
ఆ రోజు పేపరు మా అమ్మ కత్తిరించలేదు,
స్టవ్ అంటించడానికి వాడింది.

ఐవిన్ టికెట్ మిషన్ పట్టుకుని వంగాడు.
అద్దం దిగింది.
కొడతాడేమో, కౌగిలించుకుంటాడేమో అని
నేను ఇంజన్ గది మెట్ల మీద ఊపిరి బిగబట్టాను.
ఇద్దరి మధ్యా కుక్క ఆవులించింది.

"కుడిదే కదా?"
"ఎడమది."
"ఇన్నేళ్ళూ కుడిదనుకున్నాను," అన్నాడు టీలెసెన్,
పోగొట్టుకున్నదేదో ఇంకెక్కడో వెతికినవాడిలా.
"కుక్కకి టికెట్ లేదు. మీకూ కారుకీ నూట ఇరవై క్రోనర్లు."

తగ్గింపు ఇవ్వలేదు.
చిల్లర మాత్రం రెండుసార్లు లెక్కపెట్టాడు.

ఆగర్ ఒడ్డు తగిలింది. గొలుసు దిగింది.
వోల్వో చక్రం కింది చెక్క దిమ్మెను వంగి తియ్యాలి,
రోజూ వంగే తీస్తాడు.
ఆ రోజు వీపు తిప్పి నిలబడి,
చూడకుండా,
ఎడమ మడమతో వెనక్కి తన్నాడు.
అది తడి రేకు మీద జారి, జారి,
పెయింటు డబ్బాల సందులోంచి దూరి
తాళ్ళ పెట్టె కిందికెళ్ళి ఆగింది.
టీలెసెన్ అద్దంలో చూశాడో లేదో తెలీదు.
కుక్క చూసింది.

ఆ సాయంత్రం కెప్టెన్ అడిగితే
"ఏమీ లేదు, తేలిగ్గా ఉంది" అన్నాడు ఐవిన్, మోకాలు తడుముకుని.
మర్నాడు చెప్పాపెట్టకుండా పడమటి గాలి విరుచుకుపడింది.
నాలుగు ట్రిప్పులు రద్దు.