ఈరోజు బళ్లు కదలవు

తెల్లవారడానికి ఇంకా మూడు గంటలుంది.
కరగండాలో, డిపో గేటు పక్కన,
పాదరసం సున్నాకి ముప్ఫై ఒకటి కిందికి దిగి
ఇంకా కిందికే చూస్తోంది.

రౌషాన్ మోకాళ్ల మీద కూర్చుని ఉంది.
ఆవిడ మేనేజరు. లోపల ఆవిడకో బల్ల ఉంది,
బల్ల మీద పేరున్న పలక, పక్కన హీటరు.
అయినా రోజూ ఇదే పని:
పదకొండు వ్యాన్లు, పదకొండు పొగగొట్టాలు,
ఒక్కోదాన్లో వేలు పెట్టి తడమడం,
పసిబిడ్డ నోట్లో ఏం పెట్టుకుందోనని
వెతికే తల్లిలాగా.

మూడు చలికాలాల కిందట ఆవిడే అంది,
"కొంచెం మంచేగా, వెళ్లిరా."
మూడే మాటలు.
ఒందసిన్ వెళ్లాడు.
మధ్యదారిలో బురాన్ లేచింది.
ఆకాశమేదో రోడ్డేదో చెప్పని తెలుపు.
కూరుకుపోయిన బండిలో ఇంజను ఆపకుండా
వెచ్చగా కూర్చున్నాడు.
వెనకాల మంచు పొగగొట్టాన్ని మూసేస్తుంటే
నిద్రొచ్చింది, హాయిగా.
అది అంత మెత్తగా వస్తుందని
అతనికి ఎవరూ చెప్పలేదు.

సిగరెట్టు కోసం దించిన అద్దం
వేలెడంత తెరిచి ఉండబట్టి మెలకువొచ్చింది.
వట్టిచేతుల్తో తవ్వాడు.
"పొగే చంపబోయింది, పొగే బతికించింది"
అని ఇప్పుడు అందర్నీ నవ్విస్తాడు.
నవ్వించేటప్పుడు కుడిచెయ్యి జేబులో ఉంటుంది.
అందులో రెండు వేళ్లు పొట్టివి.

అప్పట్నుంచి ప్రతి సీటు కిందా
వాలెంకి బూట్లు, పార, ఉన్ని దుప్పటి,
రేకు డబ్బాలో కొవ్వొత్తి.
ఇంకా ఒక తాడు.
దిగాల్సొస్తే నడుముకొక కొస, తలుపుకొక కొస.
బండిని వదిలి నడవకు.
వెతికేవాళ్లకి బండి కనపడుతుంది,
నువ్వు కనపడవు.

ఈ పొద్దున ఎర్సాయిన్ వచ్చాడు,
ఇరవై మూడేళ్లవాడు, తాళంచెవి కోసం చెయ్యి చాపి.
"అరవై నాలుగు పెట్టెలున్నాయి అపాయ్,
నేను ఈ గాలిలోనే పుట్టాను."
అపాయ్ అంటే వాళ్ల భాషలో పెద్దక్క.
తెలుగు చెవికి
సగంలో ఆగిపోయిన హెచ్చరిక.

అతనికి పెట్టెకింత అని లెక్క.
బయల్దేరని పెట్టెకి సున్నా.
అద్దె ఐదో తారీఖున కట్టాలి.
ధైర్యం కాదది, అప్పు.
రౌషాన్‌కి ఆ తేడా తెలుసు.

అల్మాటీ నుంచి ఫోను:
"ఇక్కడ ఎండ కాస్తోంది, మీకేమైంది?"
ఆవిడ పెట్టెల చిట్టా చదివింది, నింపాదిగా.
ఫోను కవర్లు. పెళ్లి బూట్లు. చేపల తొట్టి, చేపల్లేవు.
"వీటిల్లో ఊపిరి తీసుకునేది ఒక్కటీ లేదండీ."
ఒక్కటి మాత్రం మందుల పెట్టె.
దాన్ని పక్కన పెట్టింది.
దారి తెరిచాక, మంచు తోసే బండి వెనకాల,
రెండు వ్యాన్లు జతగా,
మొదట కదిలేది అదే.

తాళాలన్నీ ఆవిడ కోటు జేబులో
గలగలమంటున్నాయి.
ఎర్సాయిన్ గోడకి ఆనుకుని అడిగాడు,
"మరి ఈరోజు కూలి?"
ఎవరూ మాట్లాడలేదు.

రౌషాన్ జీతాల పుస్తకం తెరిచింది.
నడిచిన రోజుకి గడి ఉంది, సెలవుకి గడి ఉంది.
ఆగమని చెప్తే ఆగిన రోజుకి లేదు.
స్కేలు పెట్టి గీసింది.
పెన్నులో సిరా గడ్డకట్టి ఉంటే
నోటి ఆవిరితో కరిగించి మళ్లీ గీసింది.
దానికి పైవాళ్లు ఒప్పుకుంటారో లేదో
ఆవిడకీ తెలీదు.

తొమ్మిదింటికి గేటు కనపడటం మానేసింది.
తర్వాత దీపస్తంభం.
తర్వాత వాకిట్లో వ్యాన్లు, ఒక్కొక్కటే,
ఎవరో తుడిచేస్తున్నట్టు.
ఎర్సాయిన్ కిటికీ దగ్గరే నిలబడి చూశాడు,
టీ చల్లారేదాకా.

ఒందసిన్ లేచి
అదే కిటికీని వేలెడంత తెరిచాడు.
చలిగాలి సన్నగా, ఈలలా దూరింది.
కొత్తవాడొకడు "మూయరా బాబూ" అనబోయి
మిగతావాళ్ల మొహాలు చూసి
కోటు గుండీలు పెట్టుకున్నాడు.

ఫోను మళ్లీ మోగుతోంది.