విదేశీ రొట్టె

పొద్దున్నుంచి ముగ్గురూ నా బండిలోనే.
ఏదో పెద్ద దేశపు విదేశాంగ శాఖ.
ఎవరి దేవుడికి ఎక్కడ ఎంత చోటుందో
లోకమంతా తిరిగి కొలుస్తారట.
కువైత్‌లో ఆగస్టు. ఏసీ చాలక
ఫారాలతోనే విసురుకుంటున్నారు.

ఫహాహీల్‌లో ఒక సెల్లారు.
శుక్రవారమే అక్కడ ఆదివారం.
మెట్ల మీద చెప్పుల గుట్ట,
డోలక్ మీద తువ్వాలు కప్పి
గొంతు దిండుకింద పెట్టి పాడుతున్నట్టు పాట.
దుబాసీ రాలేదని నన్ను పిలిచారు.

"ప్రార్థన చేసుకోనిస్తారా అమ్మా?"
రాజంపేట కరుణమ్మ కొంగు తలమీదికి లాక్కుంది.
"దేవుని కాడికి పోవద్దని ఎవురూ అనలేదు నాయనా.
ఇంట్లోంచి పంపీరు, అంతే.
ఈ శుక్రారం దొరికింది.
దీని ముందుది రంజాన్ రాకముందు."

వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను.
'ఎవరూ అనలేదు' దాకా రాసుకుని
పెద్దాయన పెన్ను ఆగింది.
మిగతాది వేరే శాఖ చూస్తుందట.

తిరుగుదారిలో నా వంతు.
"మస్తానయ్యా, నువ్వు ముస్లిమా?"
కాదు సార్.
"మరి ఆ పేరు?"
మాయమ్మకి ముగ్గురు పుట్టి పోయారు సార్,
దర్గాలో మొక్కుకుంటే నేను నిలిచాను.
నామం పెట్టుకునే మా నాయనే పెట్టాడు.
ఈ వీసా కూడా, నవ్వబాకండి,
నెల్లూరు చెరువులో మోకాళ్ళ లోతున నిలబడి
బురఖా వేసుకున్న ఒకామె చేతినుంచి అందుకున్న
విదేశీ రొట్టె.
ఆమె నా కులం అడగలా,
నేను పిండి ఎవరు కలిపారో అడగలా.
కోరిక తీరితే మరుసటేడు
మరొకరికి రొట్టె ఇవ్వాలి.
పదకొండేళ్ళ బాకీ సార్.
పండగకి సెలవివ్వరు,
పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో.

ఆయన వినలేదనను. విన్నాడు.
పెన్ను హిందూ గడి మీద కాసేపు,
ఇస్లాం మీద కాసేపు ఈగలా తిరిగి
'ఇతరులు' దగ్గర వాలింది.

సాయంత్రం మంత్రిగారి భవనం ముందు దించాను.
లోపల రెండు గంటలు.
బయటికొచ్చి మాట్లాడుకున్న దాంట్లో
బారెల్ ధర ఒక్కటే నాకర్థమైంది.

రాత్రి గదిలో వంట వంతు నాది.
ఎనిమిది మందికి పదహారు రొట్టెలు, లెక్క అది.
ఇవాళ నెల్లూరులో పండగ.
పదిహేడోది కాల్చాను.
వెనకసీట్లో ఒక ఫారం మిగిలిపోయింది,
చెమట మరకలు తప్ప ఏమీ రాయనిది.
దాంట్లో చుట్టి నడిచాను.

ఇక్కడ చెరువు లేదు.
సముద్రముంది.
మోకాళ్ళ లోతు దాకా
ఎవరూ ఏమీ అడగరు.