ముప్పై ఏడు డిగ్రీలు

త్బిలీసీలో, ఆ పాత భవనం మూడో అంతస్తు.
సీసాలు కడిగే తొట్టి దగ్గర నేను.
నా వెనక బల్ల మీద టీ చల్లారిపోతుంటే
లమారా, తెంగిజ్ మళ్ళీ మొదలుపెట్టారు.
ఇరవై ఆరేళ్ళుగా ఒకటే పోట్లాట.

"చిల్లులు లెక్కపెట్టావా?"
"పెట్టాను. నలభై మూడు."
"నిన్న నలభై ఒకటన్నావు."
"నిన్న కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను."

చిల్లులంటే ఏమిటో మొదట్లో నాకూ తెలీదు.
గాజు పళ్ళెంలో మీగడ కట్టినట్టు బాక్టీరియా,
మర్నాటికి ఆ మీగడలో
సూదితో పొడిచినట్టు తేటగా బెజ్జాలు.
ఫేజ్ తిన్న జాగా అది.
తెంగిజ్ ఆ పళ్ళేన్ని కిటికీ వెలుతురుకెత్తి
మనవరాలి పాలపళ్ళు చూసినట్టు చూస్తాడు.

ఆ ఫేజ్ ఎక్కడిదీ? మురుక్కాలవది.
ఆసుపత్రి గొట్టం మ్త్క్వారి నదిలో కలిసేచోట
రబ్బరు బూట్లేసుకుని, బకెట్‌కి తాడు కట్టి
ఆయనే తోడుకొస్తాడు.
తాడిని తన్నే క్రిమి ఉంటే
దాని తల తన్నేదీ ఆ నీళ్ళలోనే ఉంటుందట.

లమారాకి ఈ మాటలు గిట్టవు.
"కథలు చెప్పకు. ఇది ఈ క్రిమినే తింటుంది,
పక్కదాన్ని ముట్టదు. తాళానికొక చెవి.
చెవి దొరక్కపోతే తలుపు తెరుచుకోదు, అంతే."

ఆ 'అంతే' దగ్గర ఇద్దరూ ఆగిపోతారు.
ఎందుకో నాకు తెలుసు.

ఖాతునా. ఏడేళ్ళది. కాలిన వీపు.
తొమ్మిది రోజులు వెతికారు
నదిలో, చేపల బజారు వెనక గుంటలో,
చివరికి వర్షపు నీళ్ళలో కూడా.
తొమ్మిది రోజులూ పళ్ళాల్లో మీగడ చెక్కుచెదరలేదు.
పదోనాడు పొద్దున ఒక్క బెజ్జం.
లమారా ఫోను తీసింది, విన్నది, పెట్టేసింది.
ఆ సీసాకి పేరు పెట్టలేదు,
రెండువందల పద్నాలుగు అని అంకె వేశారు.
ఆరేళ్ళ తర్వాత ఒక లారీ డ్రైవరు కాలు నిలబెట్టింది అదే.
వాడు ఇంట్లో కాచిన ద్రాక్షసారా తెచ్చాడు.
లమారా గ్లాసు ముట్టుకోలేదు.

ఇవాళ బెల్జియం నుంచి ఒక కుర్రాడొచ్చాడు, రికార్డరుతో.
"కరెంటు లేని ఆ చలికాలాల్లో
పళ్ళాలూ గొట్టాలూ ఎలా పెంచారు?"
"మేము ఒంటి వేడితో పొదిగాం," అంది లమారా.

మేము.

నా చేతిలో గాజుగొట్టం జారబోయి ఆగింది.
రాత్రికి పన్నెండు గొట్టాలు, ఉన్నిగుడ్డలో చుట్టి
స్వెట్టర్ లోపల పెట్టుకుని
పక్కకి తిరగకుండా పడుకునేదాన్ని.
మా ఆయన గొణుక్కుంటూ వంటింటి బల్ల మీద పడుకునేవాడు.
"నీకు జ్వరం రాకూడదు ఎతెరీ," అనేది లమారా.
"ముప్పై ఏడు దాటితే లెక్క తప్పుతుంది."
రాలేదు. వచ్చినా చెప్పేదాన్ని కాదేమో.
పత్రికలో అచ్చయిన కాగితం మీద మూడు పేర్లున్నాయి:
వాళ్ళిద్దరిదీ, ఎప్పుడూ ఊళ్ళో లేని డైరెక్టరుదీ.
నాకు కోపం రాలేదు.
థర్మామీటరు పేరు ఎవరు రాస్తారు?

కుర్రాడు రాసుకుంటున్నాడు.
మేము అంటే ఎంతమందో అడగలేదు.
తెంగిజ్ చక్కెర కోసం బల్లంతా తడుముతున్నాడు,
చక్కెర ఆయన జేబులోనే ఉంది.
లమారా కుర్చీ ఇటు తిప్పింది.
"ఎతెరీ, మనం ఒక గొట్టం పగలగొట్టుకున్నాం కదా,
అది జనవరిలోనా, ఫిబ్రవరిలోనా?"

మనం.

"ఫిబ్రవరి," అన్నాను తొట్టిలోకి చూస్తూ.
"పగలగొట్టింది నేను కాదు, నిద్ర."
ఆ మచ్చ ఇంకా పక్కటెముకల మీదే ఉంది,
అది కుర్రాడికి చెప్పేది కాదు.
ముగ్గురం నవ్వాం. అతను మర్యాదకి నవ్వాడు.

మళ్ళీ వెనక మొదలయింది,
"నలభై మూడు." "నలభై ఒకటి."
నేను వేణ్ణీళ్ళ కుళాయి తిప్పాను.
ఇంకా అరవై గొట్టాలున్నాయి.
అడుగంటిన మీగడ
చన్నీళ్ళకి వదలదు.